మా కడప, సినిమా కడప

ముబారక్ అల్ కబీర్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో ఆఫీసులో ఒక గుంటూరు మిత్రుడు పరిచయమయ్యాడు. మాది కడప అనగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అయితే మీ ఇంట్లో కూడా బాంబులుంటాయా అండీ?"

సరదాకే అడిగాడు లెండి, నేనూ నవ్వేశాను. మా ఇంట్లో ఉన్నవల్లా సంగటి కెలికే తెడ్డు, మా నాన్న పాత సైకిలు! కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన కడప ఎప్పుడూ చూడలేదు. సినిమాలో చూశాడు, అంతే.

తమాషా ఏమిటంటే, తెలుగు సినిమాకు ఒక రూపం ఇచ్చినవాళ్ళలో మా సీమవాళ్ళు చాలామంది ఉన్నారు. 1951లో 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల దగ్గర కొత్తపల్లి. ఆయన తమ్ముడు నాగిరెడ్డి, తెనాలి చక్రపాణి కలిసి నిర్మించిన 'మాయాబజార్'కి దర్శకుడు తాడిపత్రి కె.వి.రెడ్డి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరులో, ఈ సినిమా వచ్చింది 1957 మార్చిలో. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్ళి కథే లేదు. అయినా మనకి అదే అసలు భారతం! ద్వారకలో జరిగే ఆ పెళ్ళి హడావిడి, వియ్యాలవారి దెప్పుళ్ళు, వంటకాలు అన్నీ మనింటివే కదా. కోస్తా, సీమ, తెలంగాణ అనకుండా అందరూ అందులో తమని చూసుకున్నారు.

ఆ తెరమీది కృష్ణుడే 1982లో తెలుగువారి ఆత్మగౌరవం అంటూ పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యాడు. సినిమా ఉత్త కాలక్షేపం అనేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తు తెచ్చుకుంటే చాలు.

మరి 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. తర్వాత 2002లో 'ఆది', 'ఇంద్ర'. ఫ్యాక్షన్ అబద్ధమని నేననను. దానివల్ల కూలిపోయిన కుటుంబాలున్నాయి. కానీ సినిమా అదొక్కటే ఏరుకుంది. ఎండిపోయిన బోర్లు, వేరుశనగ చేలు, గల్ఫ్ వీసా కోసం చేసిన అప్పులు తెరమీదకి పెద్దగా రాలేదు.

ఇక్కడివాళ్ళ సంగతి చూడండి. కువైట్ మొదటి పూర్తి నిడివి కథాచిత్రం 'బస్ యా బహర్', 1972లో ఖాలిద్ అల్ సిద్దీక్ తీశాడు. "ఇక చాలు సముద్రమా" అని దాని అర్థం. అప్పటికే చమురు డబ్బు వచ్చిపడింది. అయినా ఆయన చూపించింది భవంతుల్ని కాదు, చమురుకు ముందు ముత్యాల కోసం సముద్రంలో మునిగిన పేదవాళ్ళని, వాళ్ళ అప్పుల్ని, కడుపుకోతల్ని.

ఆ కథ నాకు పరాయిగా అనిపించలేదు. ఉమ్మడి కడప జిల్లా నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి అప్పు చేసి వచ్చి ఇక్కడ డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా బతుకుతున్న మావాళ్ళ కథ కూడా ఇంతే కదా!

తెర వేసిన ముద్రని తెరే చెరపగలదు కూడా. చాలాకాలం హాస్యానికీ, రౌడీలకీ వాడుకున్న తెలంగాణ యాస 'ఫిదా' (2017)లో కథానాయిక మాటయింది, 'బలగం' (2023)లో ఇంటిల్లిపాది మాటయింది. మా యాసకీ అలాంటి రోజు రాకపోతుందా?

ఈసారి సెలవులకి ఆ గుంటూరు మిత్రుణ్ణి మా ఊరికి రమ్మన్నాను. రాగిసంగటి, నాటుకోడి పులుసు పెడితే ఆయన అనుమానం తీరిపోతుంది. మిగతా ఎనిమిది కోట్లమందికీ భోజనం పెట్టలేను కదండీ... వాళ్ళకి ఒక మంచి సినిమాయే కావాలి.