అప్‌డేట్, డిస్క్ మార్పిడి వైఫల్యాలు (విండోస్ హోమ్ కంప్యూటర్లు)

విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగి వెనక్కి పోవడం, పాత హార్డ్‌డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారాక సిస్టమ్ బూట్ కాకపోవడం వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. చాలా సందర్భాల్లో రెండింటి మూలం ఒకటే: సి డ్రైవ్ పక్కన కంటికి కనిపించకుండా ఉండే చిన్న పార్టిషన్లు. విండోస్ 7 బూట్ ఫైళ్ల కోసం సిస్టమ్ రిజర్వ్‌డ్ పేరిట 100 ఎంబీ పార్టిషన్ పక్కన పెట్టింది. విండోస్ 8 దాన్ని 350కి, విండోస్ 10 500కి పెంచాయి. అయితే ఈ పెంపు కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకే దక్కింది. అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన కంప్యూటర్లలో పాత 100 ఎంబీయే మిగిలి, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయామన్న సందేశంతో అప్‌గ్రేడ్ ఆగిపోయేది.

2024 జనవరి 9న విడుదలైన కేబీ5034441 ఇందుకు బలమైన సాక్ష్యం. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ రక్షణను దాటిపోయే లోపాన్ని సరిచేయడానికి వచ్చిన ఈ విండోస్ 10 అప్‌డేట్‌కు మరమ్మతు సాధనాలుండే మరో చిన్న పార్టిషన్‌లో, అంటే రికవరీ పార్టిషన్‌లో, 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది. అది లేనిచోట 80070643 అనే కోడ్ కనిపించింది. ఇన్‌స్టాలేషన్ విఫలమైందనే తప్ప చోటు చాలలేదని ఆ కోడ్ చెప్పదు. సి డ్రైవ్‌లో వందల జీబీలు ఖాళీగా ఉన్నవాళ్లకు కారణం ఎలా తడుతుంది? సి డ్రైవ్‌ను కాస్త కుదించి, రికవరీ పార్టిషన్‌ను తొలగించి, పెద్దదిగా మళ్లీ సృష్టించమని మైక్రోసాఫ్ట్ సూచించింది. ఇంటి వాడకందారుపై కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంత పని మోపడం న్యాయం కాదు.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోనింగ్ ఇదే పార్టిషన్ల అమరికను కొత్త డిస్క్‌కు మోసుకెళ్తుంది. రికవరీ పార్టిషన్ సి డ్రైవ్ వెనకే ఉంటే, పెద్ద ఎస్ఎస్‌డీలో మిగిలిన చోటు దానికి అవతల పడుతుంది; సి డ్రైవ్ పెరగదు. ఎంబీఆర్ (పాత తరహా పార్టిషన్ పట్టిక) డిస్క్‌ను క్లోన్ చేసి పాత, కొత్త డిస్క్‌లు రెండింటినీ కలిపి ఉంచితే వాటిని గుర్తించే డిస్క్ సిగ్నేచర్లు ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. దాన్ని ఆన్‌లైన్‌కు తెస్తే సిగ్నేచర్ మారుతుంది. విస్టా నుంచి వాడుకలో ఉన్న బూట్ కాన్ఫిగరేషన్ డేటా మాత్రం పాతదాన్నే వెతుకుతుంది. అందుకే క్లోన్ పూర్తయ్యాక పాత డిస్క్ తీసేసి, కొత్తదాంతోనే మొదటిసారి బూట్ చేయాలి.

తప్పంతా డ్రైవర్లదీ యాంటీవైరస్‌దేననీ, ఫార్మాట్ చేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే పోతుందనీ చాలామంది అంటారు. డ్రైవర్ల వల్ల ఆగే అప్‌డేట్లు ఉన్న మాట నిజమే. కానీ పాత పార్టిషన్లన్నీ తీసేసి చేసే ఇన్‌స్టాల్ పనిచేయడానికి ఒక కారణం, అది అమరికను మొదటినుంచి వేయడమే. బదులుగా ప్రోగ్రాములూ సెట్టింగులూ పోతాయి. ఇంకా బలమైన అభ్యంతరం విండోస్ 10కు వచ్చిన 2018 అక్టోబర్ అప్‌డేట్. పార్టిషన్లతో సంబంధం లేకుండానే అది కొందరి డాక్యుమెంట్లను చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ పంపిణీ ఆపి, నవంబర్‌లో మళ్లీ విడుదల చేసింది. కాబట్టి ముందు ఫైళ్లను వేరే డిస్క్‌లో దాచి, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకుని, ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చిన్న పార్టిషన్లు ఎక్కడున్నాయో, ఎంతున్నాయో చూడాలి.