స్టీలు తొట్టిలో షార్డొనే

ఆవకాయకి పింగాణీ జాడీనే ఎందుకు వాడతారు? అది తన రుచిని కలపదు కాబట్టి. ఓక్ పీపా అలా ఊరుకోదు. లోపలివైపు నిప్పుసెగ తగిలిన చెక్క వైన్‌కి వెనిలా వాసన, కాల్చిన రొట్టె వాసన అంటగడుతుంది. షార్డొనే తనకంటూ గాఢమైన పరిమళం లేని తెల్లద్రాక్ష. ఎవరు ఏం పూస్తే అది పూయించుకుంటుంది.

అమెరికాలో దాని కథ చాలాకాలం పీపా కథే. తమాషా ఏమిటంటే, కాలిఫోర్నియాలో సోనోమాలోని హాంజెల్ వైనరీ 1957లో మొదటి పంట తీసినప్పుడే అక్కడ ఫ్రెంచి ఓక్ పీపాలూ ఉన్నాయి, చల్లబరిచే స్టీలు తొట్లూ ఉన్నాయి. గిట్టని తోడికోడళ్లు ఒకే ముహూర్తానికి కాపురానికొచ్చినట్టు! పెత్తనం మాత్రం పీపాకి దక్కింది. 1976లో పారిస్‌లో కళ్లకు కట్టని గంతల వైన్ రుచి పోటీ జరిగింది. అంటే కళ్లు తెరిచే ఉంటాయి, సీసా పేరు మాత్రం కనబడదు. అందులో నాపా లోయ షాటో మాంటెలీనా వారి 1973 షార్డొనే ఫ్రాన్సులోని బర్గండీ వైన్లను దాటి మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత గిరాకీ పెరిగింది, ఓక్ వాసనా, వెన్న వాసనా పెరిగాయి. పీపా కొనే స్తోమత లేనివాళ్లు తొట్టిలోనే ఓక్ ముక్కలు పడేశారు. 1990లకు జనానికి మొహం మొత్తి, ‘ఏదైనా పోయండి, షార్డొనే తప్ప’ అన్నది బార్లలో హాస్యమైపోయింది.

పీపా తీసేసి స్టీలు తొట్టి పెడితే సరిపోతుందా? చలిసీమ ఆరెగన్‌లో అది అంత తేలిక కాలేదు. ఎండ పుష్కలంగా ఉన్న కాలిఫోర్నియా కోసం డేవిస్‌లోని విశ్వవిద్యాలయం ఎంచిన 108 నంబరు క్లోన్‌నే (ఒకే తల్లి తీగ కొమ్మలతో పెంచిన రకం) విల్లమెట్ లోయలో చాలామంది నాటారు. అది ఆలస్యంగా పండే రకం. అక్కడేమో అక్టోబరు వానలు తోసుకొస్తాయి. పండీపండని కాయతో వైన్ చేస్తే నాలుక మీద పులుపు తప్ప ఏం మిగులుతుంది? విసిగిపోయి కొందరు తీగలు పీకి పీనో గ్రీ ద్రాక్ష వేసుకున్నారు.

ఆరెగన్ వైన్ తయారీదారు డేవిడ్ అడెల్‌షైమ్ 1974లో బర్గండీ వెళ్లినప్పుడు, అక్కడ షార్డొనే, పీనో న్వార్ ద్రాక్షలు ఒకే సమయానికి పండడం గమనించాడు. తప్పు నేలదీ చలిదీ కాదు, తీగదే. 1980లలో ఆరెగన్ స్టేట్ యూనివర్సిటీ ద్వారా బర్గండీలోని డిజాన్ నుంచి త్వరగా పండే క్లోన్‌లు వచ్చాయి. 76, 95, 96 అని అంకెలే వాటి పేర్లు. నా లెక్కలో ఓక్ లేని ఆరెగన్ షార్డొనేకి అసలు పునాది స్టీలు కాదు, ఈ కొమ్మలే. కాయ పక్వానికి రానిదే ముసుగు తీసి చూపించేది ఏముంటుంది?

చలిసీమలో పక్వమైన ద్రాక్షలో పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం నిలిచే ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని పెరుగులోని మెత్తని పులుపుగా మారుస్తుంది, వెన్న వాసన వచ్చేదీ ఆ మార్పులోనే. స్టీలు తొట్టిని చల్లగా ఉంచి, ఆ మార్పును ఆపి, నిమ్మ, ఆపిల్ రుచులను నిలబెట్టడం చాలామంది పద్ధతి.

విల్లమెట్ లోయలోని షెహాలెమ్ వైనరీ తమ ఓక్ లేని షార్డొనేకి ‘ఇనాక్స్’ అని పేరు పెట్టింది. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఫ్రెంచివాళ్లు వాడే మాటకి పొట్టిరూపం అది. తన రుచి చిటికెడైనా కలపని పాత్ర, సీసా మీద పేరై కూర్చుంది.