రైలుబడి (పుస్తకము)

రైలుబడి, జపాను నటి, టెలివిజన్ వ్యాఖ్యాత అయిన టెట్సుకో కురొయనాగి (జననం: 1933 ఆగష్టు 9) తన బాల్యమును గురించి వ్రాసిన 'టోటోచాన్' అను గ్రంథమునకు తెలుగు అనువాదము. దీనిని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించినది. మూలగ్రంథము 1981లో టోక్యోలో వెలువడినది. జపాను పిల్లల నిత్యజీవితమును తెలుగు పిల్లలకు పరిచయము చేసిన పుస్తకాలలో ఇది ముఖ్యమైనది.

నేపథ్యము

జపానులో చిన్నపిల్లల పేర్ల చివర 'చాన్' చేర్చి ముద్దుగా పిలుస్తారు. పెద్దలు 'టెట్సుకోచాన్' అని పిలుస్తుంటే ఆ చిన్నారికి అది 'టోటోచాన్' అని వినిపించేది. ఒకటవ తరగతిలో, పాఠము జరుగుతుండగా కిటికీ వద్ద నిలబడి వీధి వాద్యగాళ్ళను పిలవడము, బల్ల మూతను మాటిమాటికి తెరిచి మూయడము వంటి పనుల వలన ఆమెను బడి నుండి పంపివేశారు. ఆమెకు ఇరవై ఏళ్ళు దాటేవరకు తల్లి ఆ సంగతి తెలియనీయలేదు.

టొమోయె పాఠశాల

ఆమె తరువాత చేరిన టొమోయె పాఠశాలను సొసాకు కొబయాషి 1937లో టోక్యోలోని జియుగవోకాలో స్థాపించాడు. వాడుకలో లేని రైలుపెట్టెలే అక్కడి తరగతి గదులు. తెలుగు పేరుకు ఆధారము ఇదే. చేరిన రోజున ప్రధానోపాధ్యాయుడు ఆమె చెప్పిన కబుర్లను నాలుగు గంటలసేపు విన్నాడు. ఏ పాఠము ముందు చదవాలో పిల్లలే నిర్ణయించుకొనేవారు.

దైనందిన జీవితము

* భోజనము: ఇంటి నుండి తెచ్చే పెట్టెలో 'సముద్రము నుండి కొంత, కొండల నుండి కొంత' ఉండాలని నియమము. చేప, సముద్రపు నాచు మొదటి కోవకు, కూరగాయలు, మాంసము రెండవ కోవకు చెందుతాయి. ఏదైనా లోపిస్తే ప్రధానోపాధ్యాయుని భార్య వడ్డించేది.
* ఆటలు: ఎదుగుదల లేని పొట్టి కాళ్ళుగల తకహాషి గెలిచేలా పోటీలు కూర్చబడ్డాయి. బహుమతులు ముల్లంగి, పాలకూర వంటివి. వాటిని ఇంటికి తీసుకువెళ్ళి వండించుకొని తినమనేవారు.
* కవిత్వము: ఇస్సా వ్రాసిన హైకూలను ప్రధానోపాధ్యాయుడు పిల్లలకు పరిచయము చేసేవాడు.

యుద్ధకాలము

యుద్ధమును ఈ పుస్తకము పిల్లల నుండి దాచదు, పిల్ల కంటికి కనబడినంతవరకే చెబుతుంది. నాణెము వేసినా రైలుస్టేషనులోని యంత్రము నుండి మిఠాయి రాదు. బడి పనివాడు సైన్యమునకు వెళ్ళిపోతాడు. వయొలిన్ విద్వాంసుడైన తండ్రి, ఆహారపదార్థాలు దొరికే అవకాశమున్నా యుద్ధగీతాలు వాయించడానికి ఒప్పుకోడు. 1945లో బాంబుదాడిలో పాఠశాల కాలిపోయినది. ఆ మంటలను చూస్తూనే కొబయాషి, తరువాత ఎటువంటి బడి కడదామని తన కుమారుని అడిగాడు. ఆయన 1963లో మరణించాడు.

తెలుగు పిల్లలకు ఉపయోగము

కిమోనోలు, ఫ్యూజీ పర్వతముతో మొదలుపెట్టిన పరిచయములో జపాను వింతదేశముగా మిగిలిపోతుంది. అన్నపు పెట్టెతో మొదలుపెడితే తమవంటి పిల్లలున్న దేశమవుతుంది. నల్లమల అంచున ఉన్న అర్ధవీడు వంటి ఊళ్ళలో ఇదే నియమముతో పిల్లలచేత తమ భోజనమును పరిశీలింపజేయవచ్చును. కందిపప్పు, వంకాయ 'కొండల' కోవకు చెందుతాయి. సముద్రమును చూడని పిల్లల కంచములోనూ ఉప్పు రూపములో సముద్రము ఉంటుంది.

ఇతర విశేషాలు

* ఇందులోని బొమ్మలు చిహిరో ఇవసాకి (1918–1974) చిత్రాల నుండి ఎంపిక చేసినవి. ఆమె మరణించిన తరువాతే ఈ గ్రంథము వెలువడినది.
* పుస్తకముపై వచ్చిన ఆదాయముతో రచయిత్రి టోటో ఫౌండేషన్ స్థాపించినది. ఇది బధిర నటులకు శిక్షణ ఇచ్చినది.
* రచయిత్రి 1984లో యూనిసెఫ్ సౌహార్ద రాయబారిగా నియమితురాలైనది.
* దీనికి కొనసాగింపు గ్రంథము, ఈ కథ ఆధారముగా యానిమేషన్ చలనచిత్రము 2023లో జపానులో విడుదలైనవి.