ఎనిమిది రోజుల కీర్తి, ముప్ఫై ఏళ్ల మెహనత్
(టెస్ట్ పైలట్ రాకేశ్ శర్మ గారి జీవితం)



రాకేశ్ శర్మ గారి పేరు తెలియనివారు మనలో ఉండరు. రోదసిలోకి వెళ్లిన మొట్టమొదటి భారతీయుడని చిన్న పిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. కానీ ఆయన రోదసిలో ఉన్నది 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు మాత్రమే. మరి మిగతా జీవితమంతా ఏమి చేశారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు తక్కువ. ఆయన అసలు వృత్తి విమానాలను పరీక్షించుట. ఆ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

హైదరాబాదులో చదువు

శర్మ గారు 1949 జనవరి 13న పంజాబులోని పటియాలాలో పుట్టారు. పెరిగింది, చదివింది మాత్రం మన హైదరాబాదులోనే. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులోను, ఆ తరువాత నిజాం కాలేజీలోను చదువుకున్నారు. 1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరి, 1970లో వైమానిక దళంలో పైలట్ అయ్యారు. ఇరవై రెండేళ్లు నిండి ఏడాది కాకముందే 1971 యుద్ధం వచ్చిపడింది. అందులో మిగ్-21 విమానంపై 21 సార్లు యుద్ధవిధికి వెళ్లి వచ్చారు.

ఇక్కడ మన ఊరివారు గర్వించదగిన సంగతి ఒకటి గలదు. 1978 నుంచి 1981 వరకు భారత వైమానిక దళానికి అధిపతిగా పనిచేసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు కూడా హైదరాబాదులో పుట్టినవారే, నిజాం కాలేజీలో చదివినవారే. ఒకే కాలేజీ నుంచి ఒకరు దళానికి అధిపతి అయ్యారు, ఇంకొకరు రోదసికి వెళ్లారు.

టెస్ట్ పైలట్ అంటే ఎవరు?

సినిమాల్లో చూపించేటట్లు ప్రాణాలకు తెగించి గిరికీలు కొట్టేవాడు టెస్ట్ పైలట్ కాడు. కొత్త విమానం తయారైనప్పుడు అది ఎంత వేగం తట్టుకోగలదు, ఎంత నెమ్మదిగా పోతే పడిపోతుంది, ఏ వేగం దగ్గర రెక్కలు వణుకుతాయి, ఇంజను ఆగితే ఎట్లా ప్రవర్తిస్తుంది అన్నది ఎవరో ఒకరు నడిపి చూసి చెప్పాలి. ఇంజనీర్లు కాగితం మీద లెక్క కడతారు. ఆ లెక్క నిజమో కాదో గాలిలో తేలాలి. తేల్చేవాడే టెస్ట్ పైలట్.

ఆయన ఒక్కసారిగా పెద్ద వేగానికి పోడు. ఈ రోజు ఇంత, రేపు దానికంటే కొంచెం ఎక్కువ అని మెట్టు మెట్టుగా పోతాడు. ఏ మెట్టు దగ్గర ఏమి చేయాలో ముందే కార్డు మీద రాసి మోకాలికి కట్టుకుంటాడు. కిందికి దిగాక రిపోర్టు రాస్తాడు. "అంతా బాగుంది" అని రాస్తే అందరూ సంతోషిస్తారు. బాగులేనిదాన్ని బాగులేదు అని రాయటానికే ఎక్కువ హిమ్మత్ కావాలి. ఎందుకంటే, ఆయన మొహమాటపడి దాచిన లోపం రేపు ఇరవై ఏళ్ల కుర్ర పైలట్ ప్రాణం తీస్తుంది. కాబట్టి ఈ వృత్తికి ధైర్యం ఎంత అవసరమో, నిజాయితీ అంతకంటే అవసరం.

దీని వెల ఏమిటో తెలియాలంటే గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ గారిని తలచుకోవాలి. మన దేశంలోనే రూపకల్పన చేసి తయారుచేసిన మొదటి జెట్ యుద్ధవిమానం హెచ్.ఎఫ్.-24 మారుత్. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు దాన్ని తయారుచేశారు. 1961 జూన్ 17న దాన్ని మొదటిసారి గాలిలోకి తీసుకుపోయింది దాస్ గారే. ఆ విమానానికి తగినంత బలమైన ఇంజను మనకు దొరకలేదు. ఉన్న ఇంజనుకే బలం పెంచే ఏర్పాటు చేసి చూశారు. ఆ మార్పు చేసిన విమానాన్ని పరీక్షిస్తూ 1970 జనవరి 10న బెంగళూరులోనే దాస్ గారు ప్రాణాలు విడిచారు. ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది. బెంగళూరులో ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. శర్మ గారు పైలట్ అయినది సరిగ్గా ఆ సంవత్సరమే. వృత్తిలో ఏమి జరగవచ్చో తెలిసే ఆయన తరం వారు ఈ దారి పట్టారు.

ఇద్దరిలో ఒకరు

సోవియట్ యూనియన్ మన దేశస్థుణ్ణి రోదసికి తీసుకుపోతామన్నప్పుడు వైమానిక దళం నుంచి 1982లో ఇద్దరిని ఎంపిక చేశారు. ఒకరు రాకేశ్ శర్మ, రెండవవారు రవీశ్ మల్హోత్రా. ఇద్దరూ టెస్ట్ పైలట్లే. ఇది కాకతాళీయం కాదు. కొత్త యంత్రంలో కూర్చుని, గుండె చెదరకుండా చూసింది చూసినట్లు చెప్పగలవాడే అక్కడ కావాలి.

ఇద్దరూ మాస్కో దగ్గరి స్టార్ సిటీకి వెళ్లి రష్యన్ భాష నేర్చుకున్నారు, ఒకే శిక్షణ పొందారు. చివరకు వెళ్లింది ఒక్కరే. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 నౌకలో యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్త్రెకలోవ్‌లతో కలిసి శర్మ గారు బయలుదేరారు. సల్యూత్-7 కేంద్రంలో ఉండి మన దేశం ఫోటోలు తీశారు, వైద్య ప్రయోగాలు చేశారు, బరువు లేని స్థితిలో యోగా చేసి చూశారు. ఏప్రిల్ 11న క్షేమంగా దిగారు. ఆయనకు, ఇద్దరు సోవియట్ సహచరులకు కూడా మన ప్రభుత్వం అశోక చక్ర ఇచ్చింది. మల్హోత్రా గారికి కీర్తి చక్ర లభించింది. అన్ని విధాలా సిద్ధమై, కింద ఉండిపోయి, తోటివాడి విజయం కోసం పనిచేసిన ఆయన్ని కూడా మనం మరచిపోకూడదు.

ఆ రోజుల్లో ప్రధాని ఇందిరా గాంధీ గారు టీవీలో, పైనుంచి భారతదేశం ఎట్లా కనిపిస్తోందని అడిగారు. శర్మ గారు అల్లామా ఇక్బాల్ తరానాలోని మొదటి మాటలతోనే జవాబిచ్చారు. ఇక్బాల్ ఆ తరానా రాసింది 1904లో, పిల్లలు పాడుకొనే సులువైన ఉర్దూలో. ఎనభై ఏళ్ల తరువాత ఒక పైలట్‌కు మనసు నిండినప్పుడు నోటికి వచ్చింది ఆ మాటలే. ఉర్దూ చెప్పుకొని బతికే మాస్టరుకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది? భాష ఏ ఒక్కరి సొత్తు కాదని, ప్రేమతో నేర్చుకొన్నవారందరిదీ అని ఆ ఒక్క జవాబు చెప్పింది.

పూలదండల తరువాత

అంత కీర్తి వచ్చాక ఇంకొకరైతే సభలకు, సన్మానాలకు పరిమితం అయిపోయేవారు. శర్మ గారు మళ్లీ పాత పనికే వచ్చారు. వింగ్ కమాండర్‌గా పదవీ విరమణ చేసి, 1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలట్‌గా చేరారు. 1992 వరకు నాసిక్ విభాగంలో, తరువాత బెంగళూరులో చీఫ్ టెస్ట్ పైలట్‌గా ఉన్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విమానాన్ని దళానికి అప్పగించే ముందు నడిపి చూసి, సంతకం పెట్టాలి. ఆ సంతకం కింద ఎందరి ప్రాణాలో ఉంటాయి. నాసిక్ రోజుల్లో మిగ్-21ను పరీక్షిస్తూ ఆయన చావు తప్పించుకొని బయటపడ్డారు. అయినా పని మానలేదు. 2001లో విమానం నడపటం విరమించారు.

2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్ కోసం ప్రకటించిన నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లే. వారిలో శుభాంశు శుక్లా గారు 2025 జూన్ 25న బయలుదేరి అంతర్జాతీయ రోదసి కేంద్రానికి వెళ్లి వచ్చారు. శర్మ గారి తరువాత రెండవ భారతీయుడు రోదసికి పోవటానికి 41 ఏళ్లు పట్టింది.

మన పిల్లలకు

మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంటుంది: "అవన్నీ పెద్దవాళ్ల పిల్లలకు, మనకెక్కడివి?" అని. ఈ మాట పిల్లవాడి కాళ్లకు రాయి కడుతుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పరీక్ష రాసి పోవాలి. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉంటే వైమానిక దళానికి రాయవచ్చు. 2022 నుంచి ఆడపిల్లలను కూడా తీసుకుంటున్నారు. అందరికీ సీటు వస్తుందని నేను చెప్పను. కానీ పరీక్ష రాయనివారికి ఎన్నటికీ రాదు. అబ్బాయికైనా అమ్మాయికైనా తొమ్మిదో తరగతి నుంచే లెక్కల మీద, ఇంగ్లీషు మీద శ్రద్ధ పెట్టించండి. ఉర్దూ మీడియం అని వెనుకాడవద్దు.

పైలట్ కాకపోయినా ఫరవాలేదు. మేస్త్రీ అయినా, మెకానిక్ అయినా, నర్సు అయినా, తన చేతిలోంచి పోయే పనిని తానే పరీక్షించి, లోపం ఉంటే ఉన్నదని చెప్పే గుణం పిల్లల్లో పెంచండి. శర్మ గారు ముప్ఫై ఏళ్లు చేసింది అదే.