మా సిటీ పోలీస్ జట్టు

ఉప్పల్ స్టేడియం ఎటని అడిగితే చిన్నపిల్లాడైనా దారి చూపిస్తాడు. 2005 నవంబరులో అక్కడ తొలి వన్డే జరిగింది. అప్పటి నుంచి మ్యాచ్ ఉన్న రోజు హబ్సిగూడ దాకా బండి ముందుకు కదలదు. క్రికెట్ మీద నాకు కోపమేమీ లేదు. అయితే నాచారంలో మా ఇంట్లో మాత్రం మ్యాచ్ అంటే ఫుట్‌బాల్ మ్యాచే. ‘మనోళ్లు’ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే.

మా నాన్న నాచారం పారిశ్రామికవాడలో ఫిట్టర్. సెలవు రోజున నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తార్నాక, విద్యానగర్ మీదుగా ఫతే మైదాన్‌కు తీసుకెళ్లేవాడు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కనబడగానే, “రహీం సాబ్ ఉస్మానియా విద్యార్థేరా” అని ఆ జట్టు శిక్షకుడి గురించి ప్రతిసారీ చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికి పోలీస్ జట్టు మంచి రోజులు వెళ్లిపోయాయి. దాని గెలుపులన్నీ నేను ఆ సైకిల్ మీద, నాన్న మాటల్లోనే చూశాను. పెద్దయ్యాక ఒక్కొక్కటే వెతికి చదువుకున్నాను. నాన్న చెప్పినవి పెంచి చెప్పినవి కావని తెలిసింది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కంటోన్మెంట్ దారిన వచ్చింది. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారంలలో తెల్ల సిపాయిలు ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూసిన పిల్లలు సాయంత్రం అదే ఆటను ఒట్టి కాళ్లతో ఆడుకున్నారు. 1939లో మొదలైన పోలీస్ జట్టుకు తొలినాళ్లలో సిటీ అఫ్ఘాన్స్ అనే పేరుండేది. బయటి ఊళ్లకు ఆ పేరు తెలిసింది 1943లో. ఆ ఏడాది బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో మనవాళ్లు రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించారు. ప్రత్యర్థి జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. ఇంగ్లండ్ టెస్టు బ్యాట్స్‌మన్‌గానే కాదు, ఆర్సెనల్ ఫార్వర్డ్‌గానూ పేరున్నవాడు. అంతటివాడున్న జట్టును నిజాం రాజ్యపు కానిస్టేబుళ్లు ఓడించారన్న కబురు ఈ నగరంలో ఎన్ని ఇరానీ హోటళ్లలో ఎన్నిసార్లు చెప్పుకున్నారో!

ఆ జట్టును దేశమంతా చూసేలా చేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టాడు. వృత్తికి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950 నుంచి పోలీస్ జట్టు శిక్షణ కూడా చేపట్టాడు. ఆటగాడికి ఏది రాదో కనిపెట్టి అదే నేర్పడం ఆయన పద్ధతి. కుడి కాలివాటం వాళ్ల కోసం బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టాడు. బంతిని అట్టేపెట్టుకునే వాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, పిల్లలకు ఎత్తును బట్టి పోటీలు పెట్టాడు. బడిలో తప్పులు దిద్దిన చేత్తోనే మైదానంలోనూ దిద్దాడు.

ఫలితం 1950లోనే కనిపించింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఎదుర్కొంది. తొలి మ్యాచ్ సమమైంది. మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో మనవాళ్లు 1-0తో గెలిచారు. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా తెచ్చారు. ఆ కప్పును 1954 దాకా వరుసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. రోవర్స్ చరిత్రలో మరే జట్టూ ఆ పని చేయలేదు. డ్యూరాండ్ 1954లో, 1957లో మళ్లీ వచ్చింది. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో నాలుగోసారి వచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులు కన్నేసిన కప్పులు ఇలా హైదరాబాద్ రైలెక్కడం ఆ రోజుల్లో దేశానికి పెద్ద వింత.

ఇదంతా ఎలా కుదిరింది? నాన్న దగ్గర దీనికొక్కటే జవాబు: “నెలకింత అని జీతం వచ్చేదిరా.” అది చిన్నమాట కాదు. ఆ జట్టులో చేరినవాళ్లలో చాలామంది బస్తీ పిల్లలు. ఆట వాళ్లకు సరదాయే కానీ ఇల్లు గడవాలి. పోలీసు శాఖ కొలువిచ్చి ఆడమంది. పొద్దున్నే మైదానంలో ఉండే వీలు, వయసు మళ్లాక కూడా నిలిచే ఉద్యోగం, పైన రహీం లాంటి గురువు. ఈ మూడూ ఒకేచోట దొరికాయి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయినుద్దీన్, లాయక్... నాన్న ఈ పేర్లను ఇంటి మనుషుల పేర్లలా పలికేవాడు.

మా తూర్పు వైపు పిల్లలకు ఆ వరసలో ఇంకొక పేరు మరీ దగ్గర. తులసీదాస్ బలరాం. నాచారానికి ఉత్తరాన, ఎంతో దూరం లేని అమ్ముగూడ ఆయన ఊరు. పేదింటి తమిళ కుటుంబం. నగరంలో శిక్షణకు రోజూ వచ్చిపోవడానికి డబ్బు లేకపోతే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చాడని ఆయన పెద్దయ్యాక తలచుకునేవారు. అలా సైకిల్ తొక్కుతూ వచ్చిన కుర్రవాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆ జట్టుకు శిక్షకుడు రహీమే. అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్... హైదరాబాద్ నుంచే ఇందరు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన రహీం, 1962లో జకార్తాలో రెండోసారి తెచ్చాడు. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. లక్షమంది చూస్తుండగా ఫైనల్లో దక్షిణ కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. మరుసటి జూన్‌లో ఆయన కన్నుమూశాడు.

గురువు పోయాడు. కొలువుల కన్నా ఎక్కువ డబ్బు, పేరు ఇచ్చే కలకత్తా మన కుర్రాళ్లను ఒక్కొక్కరినే పిలుచుకుంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. 1970లో ఆసియా క్రీడల కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ మన నయీమే. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై గోలు కొట్టినవాడు మన హబీబే. పంట ఇక్కడిది, గాదె అక్కడిది. రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీదీ అదే కథ. 1956-57లో, 1957-58లో హైదరాబాద్ గెలిచిన ఆ ట్రోఫీని 1965-66లో ఆంధ్రప్రదేశ్ మరోసారి గెలిచింది. ఆ తర్వాత అది మన వైపు రాలేదు.

2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఆడే హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. నవంబరు 2న గచ్చిబౌలిలో సొంతగడ్డపై తొలి మ్యాచ్. మెట్రో అప్పటికింకా రాయదుర్గం చేరలేదు. ఉప్పల్‌లో ఎక్కి హైటెక్ సిటీలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలిచారు. మార్సెలీన్యో ఫ్రీకిక్ వలలో పడగానే పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని కుర్రవాడిని పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడు అట్టడుగున నిలిచిన జట్టే, మనోలో మార్కెస్ శిక్షణలో 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. పెనాల్టీలలో కట్టిమణి ఆపిన ఒక్కో బంతికీ నాన్న ఫొటో వైపు చూశాను.

2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మార్చుకుంది. అంతకుముందు అది పూణె జట్టు స్థానంలో వచ్చిందేగా అని కొందరు సర్దిచెప్పారు. నిజమే. ఆ కప్పు గెలిచిన ఆటగాళ్ల మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. కానీ సిటీ పోలీస్‌ను మరో ఊరికి తీసుకుపోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఆ జట్టు వేళ్లు బస్తీల్లో, బడుల్లో, నెల జీతంలో, ఒక పంతులు జేబులోంచి తీసిచ్చిన సైకిల్ అద్దెలో ఉన్నాయి. అవి ఎండిపోతే జట్టు ఎండిపోతుందే తప్ప ఊరు మారదు. మళ్లీ చిగురించాలన్నా తడి పట్టాల్సింది ఆ వేళ్లకే.

అందుకే ఆదివారం పొద్దున నాచారంలో మా వీధి చివరి ఖాళీ జాగాకు వెళ్తున్నాను. పదిమంది పిల్లలు వస్తారు. మొదటి అరగంట అందరూ రెండో కాలితోనే ఆడాలన్నది నియమం. మొదట్లో బంతి ఎటెటో పోయేది, పిల్లలు విసుక్కునేవాళ్లు. మొన్న ఆదివారం ఒక పాప కుడి కాలు ఎత్తబోయి, గుర్తొచ్చి ఆగి, ఎడమ కాలితో రెండు ఇటుకల మధ్యకు సూటిగా కొట్టింది. “ఇది ఎవరు నేర్పారు అంకుల్?” అని అడిగింది. బంతి పక్కన పెట్టి, అందరినీ కూర్చోబెట్టి, చాదర్‌ఘాట్ పంతులు గారి కథ మొదలుపెట్టాను.