ఫుజైరా చిప్పలు చెప్పిన లెక్క

గల్ఫ్ చేపల ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన చరిత్ర ఇక్కడ రాస్తున్నాను. "ఇక్కడి చేపల్లో కెమికల్స్ ఉంటాయంట, తినొచ్చా?" అని క్యాంపుల్లో మనవాళ్ళు అడుగుతూనే ఉంటారు. జవాబు కావాలంటే 1991కి వెళ్ళాలి.

ఆ ఏడాది కువైట్ యుద్ధంలో సముద్రంలోకి వదిలిన చమురు 60 లక్షల బ్యారెళ్ళకు పైనే అని అంచనా. గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. నీళ్ళు బయటికి పోవడానికి ఉన్నది ఒక్క హోర్ముజ్ దారి. ఇక ఈ సముద్రం పనైపోయింది అనుకున్నారు జనం. కానీ మొనాకోలో ఉన్న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సముద్ర ల్యాబ్ వాళ్ళ దగ్గర యుద్ధానికి ముందే ఈ తీరాల్లో తీసిన ఇసుక, చేప, ఆల్చిప్పల కొలతలు ఉన్నాయి. చిప్ప ఉన్నచోటు కదలదు, రోజంతా నీళ్ళు వడకడుతుంది, అందులో ఉన్నది ఒంట్లో దాచుకుంటుంది. అందుకే దాన్ని సాక్షిగా పెట్టుకుంటారు.

యుద్ధం తర్వాత మళ్ళీ కొలిస్తే, చమురు దెబ్బ గట్టిగా తగిలింది సౌదీ తీరంలో సుమారు 400 కిలోమీటర్ల మేరకే అని తేలింది. బహ్రెయిన్‌లో అయితే యుద్ధానికి ముందుకంటే తగ్గింది! ట్యాంకర్ల రాకపోకలు తగ్గడం ఒక కారణం కావచ్చన్నారు. అంటే యుద్ధం లేని రోజుల్లో ఓడలు కొద్దికొద్దిగా వదిలేదీ తక్కువేం కాదన్నమాట.

మన ఎమిరేట్స్‌కి పెద్ద దెబ్బ 1994 మార్చి చివర్లో తగిలింది. ఫుజైరా దగ్గర 'సెకి', 'బైనూనా' అనే రెండు ట్యాంకర్లు గుద్దుకుని సుమారు 16,000 టన్నుల ముడిచమురు కారింది. అది అందరికీ కనిపించింది. ఏ ఓడో తెలుసు, ఏ రోజో తెలుసు. అందుకే అంతర్జాతీయ చమురు పరిహార నిధి రికార్డుల్లోకి 'సెకి' పేరు ఎక్కింది.

లోహాల సంగతి అలా కాదు, కంటికి కనపడవు. అదే ల్యాబ్ వాళ్ళు తర్వాత యూఏఈ, ఒమన్, ఖతార్, బహ్రెయిన్ తీరాల్లో లోహాలు కూడా కొలిచి 2004లో ఫలితాలు అచ్చువేశారు. యూఏఈ తూర్పు తీరం ఇసుకలో నికెల్, క్రోమియం బాగా ఎక్కువ. ఫ్యాక్టరీల పనే అనుకుంటాం కదా? కాదు, ఆ కొండల రాయిలోనే ఆ లోహాలు ఉన్నాయి. బహ్రెయిన్‌లో మాత్రం రాగి, సీసం, పాదరసం ఎక్కువ ఉన్న చోట్లు దొరికాయి. పాదరసం కొన్ని పెద్ద హమూర్ చేపల్లో కిలోకి అర మిల్లీగ్రాము దాటింది.

పాదరసం చిన్న చేప నుంచి దాన్ని తినే పెద్ద చేపలోకి చేరి పేరుకుంటుంది. కాబట్టి క్యాంపు మెస్‌లో వండే చవక కవళ్ళలో అది తక్కువ. ఖరీదైన పెద్ద హమూర్‌లోనే ఎక్కువ. తినడం మానక్కర్లేదు, పెద్ద చేప రోజూ వద్దు, గర్భిణులు, పిల్లలు ఇంకా జాగ్రత్త.

జపాన్‌లోని మినమతలో 1956లో జబ్బు బయటపడితే, ఫ్యాక్టరీ పాదరసమే కారణమని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. మన నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు 2021–22లో మందుల కంపెనీ పైప్‌లైన్ వద్దని దీక్షకు కూర్చున్నారు. రేపు అక్కడ చేప చస్తే "ఇది ముందునుంచీ ఇంతే" అని ఎవరైనా అంటారు. అప్పుడు చూపించడానికి ముందు కొలత ఉండాలి.

సైట్‌లో పునాది తవ్వే ముందు సాయిల్ టెస్ట్ చేస్తాం, పక్క బిల్డింగ్ గోడకి ఉన్న పగుళ్ళు ఫొటో తీసి పెట్టుకుంటాం. తర్వాత గొడవొస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. సముద్రానికీ అంతే. పైపు వేయకముందే చిప్పల్ని కొలిపించి, ఆ కాగితం ఒక కాపీ ఊళ్ళోవాళ్ళ చేతిలో కూడా పెట్టాలి.