రెండు చిత్రాలు – ఒకే షావుకారు

ఒక దర్శకుడు తన పాత చిత్రాన్ని తానే తిరిగి తీస్తే విమర్శకులు వెంటనే త్రాసు చేతబడతారు. పాతది గొప్పదా, కొత్తది గొప్పదా? ఈ తూకంలో అసలు ప్రశ్న జారిపోతుంది. అదే కథను అతడు మళ్ళీ ఎందుకు చెప్పవలసి వచ్చినది? నడుమ దేశంలో ఏమి మారినది?

మెహబూబ్ ఖాన్ 1940లో ‘ఔరత్’ తీశాడు. 1957లో దానినే ‘మదర్ ఇండియా’గా మలిచాడు. బాబూరావు పటేల్ తన ‘ఫిలిమిండియా’ పత్రికలో ఈ రెండవ చిత్రాన్ని ఆకాశానికెత్తాడు. 1958లో కార్లోవీ వారీ ఉత్సవంలో నర్గీస్‌కు ఉత్తమ నటి బహుమతి లభించినది. ‘ఔరత్’లోని మట్టివాసన రంగుల ఆర్భాటంలో పోయినదని పెదవి విరిచినవారూ ఉన్నారు. 1989లో రోజీ థామస్ రాసిన వ్యాసం ‘మదర్ ఇండియా’ చుట్టూ పెరిగిన పురాణకల్పనను పరిశీలించినది. ఈ చర్చలలో తల్లికే పెద్దపీట. మనం ఒకసారి షావుకారు వంక చూద్దాం.

సుఖీలాలా వేషం రెండింటిలోను కన్హయ్యాలాల్‌దే. పదిహేడేళ్ళలో తెల్లదొర పోయాడు. ఆ ముఖం మాత్రం ఖాతాపుస్తకంతో సహా తిరిగి వచ్చినది. 500 రూపాయల అప్పుకు పంటలో ముప్పాతిక వంతు వడ్డీక్రింద పోతుంది. మారినవాడు భర్త. ‘ఔరత్’లో అతడు గర్భవతి అయిన భార్యను విడిచిపోతాడు. ‘మదర్ ఇండియా’లో బండరాయి క్రింద చేతులు నలిగి, అవమానం భరించలేక వెళ్ళిపోతాడు. అక్కడ తప్పుచేసినవాడు, ఇక్కడ దెబ్బతిన్నవాడు. దేశమాత పేరు పెట్టిన తరువాత ఆ ఇంటి మగవాణ్ణి దోషిగా నిలబెట్టడం కష్టమైనది కాబోలు! కొత్తగా కాలువ ప్రారంభోత్సవం వచ్చి చేరినది. నీరు వచ్చినది సరే, అప్పుపత్రాల మాటేమిటి?

బిర్జూ ఖాతాలు తగలబెట్టి షావుకారును చంపుతాడు. కాని షావుకారు కూతురిని ఎత్తుకుపోతున్నందుకు తల్లి చేతిలో చస్తాడు. వడ్డీ తగాదా అలా మానం తగాదాగా మారి ముగుస్తుంది. ఈ రెండు చిత్రాల నడుమనే, 1946–51లో, తెలంగాణ రైతులు అప్పుపత్రాలు కాల్చారు. అది ఒక బందిపోటు పగ కాదు, సంఘం కట్టిన జనం చేసిన పని. మెహబూబ్ సంస్థ చిహ్నంలో సుత్తీ కొడవలీ ఉన్నవి. ఆ జనం మాత్రం కథలోకి రాలేదు.

ఇందుకు మెహబూబ్‌ను తిట్టిపోయడం తేలిక. వడ్డీ లెక్కను అంత పెద్ద తెరమీద చూపినది కూడా ఆయనే అని మరువరాదు. అందువల్ల విద్యార్థి మిత్రులు ఈ రెండు చిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు ఏది బాగున్నదనే దగ్గరే ఆగిపోరాదు. ఏ తప్పు ఎవరి మీదనుంచి తొలగినది, ఎవరి మీదికి చేరినది అని అడగాలి.